ఆరో జత

మా అక్క కొడుక్కి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. చేరడానికి ఇంకా కొన్ని వారాల గడువుందనగా తిరుపతికి మా ఇంటికి వచ్చి, ఫోన్లో రాసిపెట్టుకున్న చిట్టా ఒకటి నా ముందు పెట్టాడు. పద్ధతిగా తయారయ్యే మగవాడికి ఏడు జతలు ఉండాలట. లేసులు కట్టుకునే నల్ల ఆక్స్‌ఫర్డ్ బూట్లు, గోధుమరంగు డెర్బీలు, లేసులు లేని లోఫర్లు, చీలమండ దాకా వచ్చే స్వెడ్ బూట్లు, తెల్ల స్నీకర్లు, పరుగుకు స్పోర్ట్స్ షూలు, సెలవు రోజులకు తోలు చెప్పులు. ఒక్కోదాని ఎదురుగా ధర కూడా వేసుకున్నాడు.

“మామా, వీటిల్లో ఏవి లేకపోయినా జరుగుతుందో చెప్పు. మొదటి జీతం రాకముందే అమ్మను ఇంత అడగలేను” అన్నాడు.

నాకిది నవ్వి తీసిపారేసే ప్రశ్నగా అనిపించలేదు. పలమనేరులో పుట్టి పెరిగిన పిల్లవాడు. అద్దాల ఆఫీసులోకి మొదటిసారి అడుగు పెడుతున్నాడు. వాడి మార్కులు అక్కడ ఎవరికీ కనిపించవు. కాళ్లకేమున్నాయో మాత్రం అందరికీ కనిపిస్తుంది. వాడి భయం నిజమైన భయం. దానికి సరైన జవాబు చెప్పగల మనిషి కావాలి.

ఈ విషయంలో మన జిల్లాకు పెద్ద చరిత్రే ఉంది. తడ మండలం మాంబట్టులో అపాచీ ఫ్యాక్టరీలో అడిడాస్ బూట్లు తయారై దేశదేశాలకు పోతాయి. అక్కడ పనిచేసేవాళ్లలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలే. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడినప్పుడు తడ నెల్లూరు నుంచి ఇటువైపు వచ్చింది. ఆ ఏడాది జూన్‌లోనే శ్రీకాళహస్తి దగ్గర ఇనగలూరులో బూట్ల ఫ్యాక్టరీ ఇంకొకదానికి శంకుస్థాపన జరిగింది. చిత్తూరు నుంచి సరిహద్దు దాటితే రాణిపేట, ఇంకాస్త పోతే ఆంబూరు, వాణియంబాడి. తోలు పనికి దేశమంతా పేరున్న ఊళ్లు. ఇన్నింటి నడుమ తిరుపతి మాత్రం వట్టి కాళ్ల ఊరు. ఎంత ఖరీదైన బూట్లు వేసుకొచ్చినా స్టాండులో విడిచి పోవాల్సిందే. అలిపిరి నుంచి 3550 మెట్లు వట్టి కాళ్లతో ఎక్కేవాళ్లు ప్రతిరోజూ వేలల్లో ఉంటారు. అన్నమయ్య చిన్నతనంలో చెప్పులతో కొండ ఎక్కబోయి మోకాళ్ల పర్వతం దగ్గర సొమ్మసిల్లితే, అలమేలుమంగమ్మ కనిపించి, ఈ కొండంతా సాలగ్రామమయం, చెప్పులు విడిచి ఎక్కమని చెప్పిందని ఆయన మనవడు చిన్నన్న రాసిన చరిత్రలో ఉంది.

అదే అలిపిరిలో, మెట్ల మొదట్లో పాదాల మండపం ఉంది. భక్తులు అక్కడ స్వామి పాదుకలను తలమీద పెట్టుకుని ప్రదక్షిణం చేస్తారు. స్వామి రాత్రిపూట కొండ దిగి తిరుచానూరులో అమ్మవారిని చూసి వస్తాడనీ, ఆ నడకకు చెప్పులు అరిగిపోతాయనీ, చెప్పులు కుట్టేవాళ్లకు కలలో కొలత ఇస్తే వాళ్లు కొత్త జత కుట్టి తెచ్చి సమర్పిస్తారనీ మా వైపు తరతరాలుగా చెప్పుకుంటారు. మా మేనల్లుడు చిన్నప్పుడు ఆ మండపంలో వాళ్ల నాన్న భుజాల మీద కూర్చుని పాదుకలు నెత్తిన పెట్టుకున్నవాడే. ఈ సంగతి ఎందుకు చెబుతున్నానో కొంచెం ముందుకు పోతే తెలుస్తుంది.

బూట్ల మాట వస్తే తిరుపతిలో నాకు గుర్తొచ్చేది ఒక్క మనిషే. రెవెన్యూలో కింది మెట్టు నుంచి ఎదిగి డిప్యూటీ కలెక్టరుగా రిటైరైన పెద్దాయన. బైరాగిపట్టెడలో ఉంటారు. డెబ్బై దాటిన వయసులో కూడా పొద్దున పాల ప్యాకెట్టుకు వీధి చివరిదాకా పోవాలన్నా ఇస్త్రీ చొక్కా, బెల్టు, బూట్లు. జమాబందికి మండుటెండలో పల్లెలు తిరిగే రోజుల్లో కూడా ఆయన బూట్ల మీద దుమ్ము ఎవరూ చూడలేదని ఆయన కింద పనిచేసినవాళ్లు ఇప్పటికీ చెబుతారు. జీపు దిగేముందు జేబులోంచి గుడ్డ తీసి తుడుచుకునేవారట. ఆఫీసుల్లో ఆయన పేరు కంటే ‘బూట్ల సారు’ అన్న పేరే ఎక్కువ నడిచింది. అది ఆయనకూ తెలుసు. ఎప్పుడూ నొచ్చుకోలేదు.

ఆదివారం సాయంత్రం పిల్లవాణ్ని తీసుకుని వాళ్లింటికి పోయాను. వాడు గుమ్మం బయట బూట్లు విడిచి లోపలికి వస్తుంటే, సారు కుర్చీలోంచి లేచి బయటికి నడిచారు. వంగి, వాడు విడిచిన జతను రెండు చేతులతో తీసుకుని లోపలికి తెచ్చి ఒక పాత పేపరు మీద పెట్టారు. పిల్లవాడు కంగారు పడి “సార్, సార్” అంటుంటే చేత్తోనే కూర్చోమన్నారు.

“నీకు మోటారుబైకు ఉండాది. ఔనా?”

“అవును సార్.”

“ఎడమ బూటు ముందర, పైన, చూడు. రంగు పోయి గీతలు పడినాయి. గేరు తొక్కి తొక్కి. కుడిదానికి లేవు.” బూటు బోర్లించారు. “మడమ బయటి అంచు అరిగింది. నడిచేటప్పుడు కాలు బయటికి ఒత్తుతావు. ఇదేం జబ్బు కాదు, చాలామందికి ఉండేదే. మడమకు రబ్బరు ముక్క వేయించుకుంటే ఇంకో ఏడాది వస్తాయి.” మళ్లీ తిప్పారు. వేళ్ల దగ్గర తోలు మడతపడే చోట అడ్డంగా చిన్న చిన్న పగుళ్లు. “వానకు తడిసినాయి. నువ్వు ఎండలో పెట్టినావు.”

“మిద్దె మీద పెట్టాను సార్” అన్నాడు వాడు మెల్లగా.

“మన ఎండలో తోలు ఒక్క పూటకే బిరుసెక్కి పగులుతుంది. లోపల పేపరు ఉండలు కుక్కి, నీడలో, గాలి ఆడేచోట పెట్టాల. పేపరు తేమ లాగుతుంది. మధ్యలో ఒకసారి మార్చాల.” అని, పగుళ్ల పక్కనే వంకర టింకరగా పోతున్న తెల్లటి సన్నగీతను వేలితో చూపించారు. “ఇదేంది చెప్పు?”

“మట్టి అనుకుంటా సార్.”

“ఉప్పు. నీ చెమట. కాలికి పోసే చెమట తోలులోకి ఇంకుతుంది. ఆరేటప్పుడు నీళ్లు పోతాయి, ఉప్పు నిలబడుతుంది. తేమ ఎంతదాకా వచ్చి ఆగిందో అక్కడ గీత పడుతుంది. మనిషి అబద్ధం చెప్పినా ఉప్పుగీత చెప్పదు.”

ఆ పిల్లవాడి ముఖం వెలిగిపోవడం చూశాను. నాలుగేళ్లు ఇంజనీరింగు చదివినవాడు. వస్తువును చూసి దాని కథ చెప్పడం ఇంత దగ్గరగా వాడెప్పుడూ చూడలేదు. ఫోన్లో చిట్టా తీసి సారుకు ఇచ్చాడు. సారు కళ్లజోడు పెట్టుకుని, ఏడూ వరసగా చదివారు. ఒక్కదాన్ని కూడా ఎగతాళి చేయలేదు.

“ఆఫీసుకు నల్లది ఒకటి, గోధుమరంగుది ఒకటి. ఈ రెండూ తప్పవు. రెండు ఎందుకంటే సోకుకు కాదు. ఈరోజు వేసుకునింది రేపంతా ఆరాల. దినామూ అదే జత వేసుకుంటే లోపలి తేమ ఆరదు, కుట్టు దారం నానిపోతుంది, అట్ట ఉబ్బుతుంది, వాసనొస్తుంది. ఒక్క జత ఏడాది వచ్చేదైతే, రెండు జతలు మార్చి మార్చి వేసుకుంటే రెండేళ్లు కాదు, అంతకు మించి వస్తాయి. నా నల్లజతకు అడుగు ఎన్ని తూర్లు మార్పించినానో లెక్కలేదు. పైతోలు అదే.”

అప్పుడు మొదలుపెట్టి కొనే విద్యంతా చెప్పారు. పొద్దున పోయి కొనకూడదు. సాయంత్రానికి పాదం కొంచెం ఉబ్బుతుంది, అప్పుడు పట్టిన బూటే ఎప్పుడైనా పడుతుంది. రెండు కాళ్లకూ వేసుకుని, సాక్సుతోనే వేసుకుని, అంగట్లో నాలుగడుగులు నడవాలి. ముందర బొటనవేలంత జాగా ఉండాలి. మడమ దగ్గర జారకూడదు. తోలు అసలుదో కాదో తెలియాలంటే బొటనవేలితో నొక్కాలి. అసలు తోలు సన్నటి ముడతలు పడి మళ్లీ సర్దుకుంటుంది, రెక్జిను గుంటపడి లేస్తుంది. కత్తిరించిన అంచు ఎక్కడైనా కనిపిస్తే చూడాలి. తోలు అంచు పీచుపీచుగా ఉంటుంది, రెక్జిను అంచులో గుడ్డ కనిపిస్తుంది. అన్నింటికంటే ముఖ్యం, అడుగును పైభాగానికి కుట్టారా, వట్టి పేస్టుతో అంటించారా చూడాలి. అంటించినది మే నెలలో తిరుపతి రోడ్డు మీద నడిస్తే నోరు తెరుస్తుంది. కుట్టినదాన్ని విప్పి మళ్లీ కుట్టొచ్చు.

“లోఫర్లు?” అన్నాడు వాడు.

“తిరుపతిలో ఉంటే అదే ముందు కొనమనేవాణ్ని. ఇక్కడ దినానికి ఎన్ని తూర్లు విప్పాలో ఎన్ని తూర్లు తొడగాలో. గోవిందరాజుల గుడికాడ నిలబడి లేసులు కట్టుకునేవాణ్ని చూస్తే నాకు పాపమనిపిస్తుంది. బెంగళూరులో నీకు ఇప్పుడే అవసరం లేదు. స్వెడ్ బూట్లు వాన ఊర్లో దండగ, తడిస్తే మరకలు పోవు. తెల్లవీ వద్దు, పరుగువీ వద్దు. రెంటికీ కలిపి ఒక జత కొనుక్కో, మన తడలోనే కుట్టిందైనా దొరుకుతుంది. చెప్పులు నీకు ఎట్లాగూ ఉంటాయి. మూడు అబ్బయ్యా. మూడు కొను. నాలుగో జతకు పెట్టే డబ్బులు ఆ మూడింటిమీదే పెట్టు, మంచివి వస్తాయి.”

వాడు ఫోన్లో నాలుగు వరసలు కొట్టేశాడు. అక్కకు ఎంత మిగిలిందో మనసులో లెక్క వేసుకున్నాను నేను. అమ్మగారు కాఫీ తెచ్చారు. వచ్చిన పని అయిపోయినట్టే. కానీ పిల్లవాడి చూపు గోడవారనున్న చెక్క స్టాండు మీదికి పోయింది.

“సార్, మరి మీకు ఆరున్నాయి?”

సారు వాణ్ని స్టాండు దగ్గరికి తీసుకుపోయారు. ఒక్కోటీ తీసి చేతికిచ్చారు. నల్ల లేసులవి, పెళ్లిళ్లకూ సభలకూ. గోధుమరంగువి, బయటి పనులకు. లేసులు లేనివి, ఊళ్లో తిరగడానికి. పొద్దున యూనివర్సిటీ గ్రౌండులో నడకకు గుడ్డ బూట్లు. గుడికి పోయినప్పుడు విడిచిపెట్టడానికి మామూలు చెప్పులు, పోయినా మనసు నొవ్వనివి. ప్రతి తోలు జతలోనూ పేపరు ఉండలు కుక్కి ఉన్నాయి. ప్రతిదాని మడమ దగ్గరా కొత్త రబ్బరు ముక్క కనిపించింది. ఐదూ అయిపోయాయి. కింది అరలో తెల్లటి తుండుగుడ్డలో చుట్టిన జత మిగిలింది. అది ఆయన చేతికివ్వలేదు.

“తీసి చూడు. ఇందాక నేను నీవి చదివినా కదా. నువ్వు ఇవి చదువు.”

ఆయన ఇంటికి ఎన్నోసార్లు వచ్చినవాణ్ని. ఆ గుడ్డ విప్పడం నేనూ అదే మొదటిసారి చూడటం.

లోపల ఉన్నది పల్లెలో కుట్టిన తోలు చెప్పుల జత. మందంగా, మూడు పొరల అడుగు. పొరలను కలిపి కుట్టింది దారంతో కాదు, సన్నగా చీల్చిన తోలు పట్టెలతోనే. బొటనవేలు దూర్చడానికి ఉంగరం. పాదం మీద అడ్డంగా రెండు పట్టెలు, వాటి మీద ఆరెతో పొడిచిన చిన్న చిన్న చుక్కల వరస, ఒక్క చుక్క కూడా గీత తప్పలేదు. రంగు ముదురు ఇటుక రంగుకు తిరిగి, అంచుల్లో నల్లబడింది. చాలా పాతవని ఎవరైనా చెప్పగలరు.

పిల్లవాడు కిటికీ దగ్గరికి పోయి వెలుతురులో పట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు. సారు ఏమీ అనలేదు.

“చేత్తో కుట్టినవి సార్. పాతవి. కానీ ఎవరూ వేసుకోలేదు.”

“ఎట్ల చెప్తావు?”

“పైన పాదం గుర్తు లేదు. నా చెప్పుల్లో ఐదు వేళ్ల గుంటలూ పడి ఉంటాయి. ఇక్కడ సమంగా ఉంది. మడమ అంచు చూడండి, కోసినట్టే ఉంది, ఏ పక్కా అరగలేదు.” చెప్పు బోర్లించాడు. “అడుగున గీతలు లేవు. ఒక్క గులకరాయి కూడా గుచ్చుకోలేదు. అసలు నేలమీద పెట్టినట్టే లేదు.” ఇంకోదాన్నీ తిప్పాడు. రెంటినీ పక్కపక్కన పట్టుకుని ఆగిపోయాడు. “కానీ సార్, ఉప్పుగీత ఉంది.”

“యాడ?”

“అడుగున. రెంటికీ అడుగునే. మధ్యలో నల్లగా మరక, దాని చుట్టూ తెల్లగా గీత. ఒకటి మీద ఒకటి చాలా గీతలున్నాయి. పాదం పెట్టేచోట లేవు, నేలకు తగిలే చోట ఉన్నాయి. అదెట్లా సార్?”

సారు కుర్చీలో కూర్చున్నారు. “నువ్వే చెప్పు.”

వాడు ఆలోచించాడు. ఇందాక చెప్పానే, చిన్నప్పుడు వాళ్ల నాన్న భుజాల మీద ఎక్కిన సంగతి, అది గుర్తొచ్చినట్టుంది. “పాదాల మండపం సార్! స్వామికి కుట్టిన చెప్పులు. నేలమీద పెట్టరు, తలమీద పెట్టుకుంటారు. తల చెమట అడుక్కు అంటింది. ఎన్నోసార్లు తలమీద పెట్టుకుని ఉంటారు, అందుకే అన్ని గీతలు. మీ ఇంట్లో ఎవరో స్వామికి కుట్టి ఉంటారు.”

“చదవడం బాగా చదివినావు” అన్నారు సారు. ఆ మాటలో మెప్పు నిజమైన మెప్పు. “నేల తాకలేదు, నిజం. మనిషి చెమట, నిజం. ఎన్నో తూర్లు మోసినారు, అదీ నిజం. తల ఒక్కటే తప్పు. ఇది చంక చెమట.”

పిల్లవాడికి అర్థం కాలేదు.

సారు వాడి చేతిలోంచి చెప్పులు తీసుకున్నారు. పైభాగాలు ఒకదానికొకటి ఆనించి, అడుగులు బయటికి పెట్టి, ఎడమ చంకలో ఇరికించుకుని చూపించారు. ఒక అడుగు పక్కటెముకలకు ఆనింది, ఇంకో అడుగు చేతికి ఆనింది. ఎక్కడ మరకలున్నాయో సరిగ్గా అక్కడ. ఇస్త్రీ చొక్కా మీద ఆ పాత తోలు.

“మా నాయినవి. మాది పుంగనూరు పక్క మాదిగపల్లె అబ్బయ్యా. ఊరందరికీ చెప్పులు కుట్టింది మా నాయినే. చెప్పులే కాదు, కపిల బావులకు తోలు తొండాలు, ఎద్దులకు మెడపట్టెలు, చర్నాకోలలు, అన్నీ ఆయనే. చచ్చిన గొడ్డును మోసుకొచ్చి, తోలు తీసి, సున్నం నీళ్లలో నానబెట్టి, బొచ్చు గీకి, తంగేడు చెక్క దంచిన నీళ్లలో నెలల తరబడి ఊరబెట్టేవాడు. మా చేతులకు ఆ వాసన పోయేది కాదు. బళ్లో నన్ను ఎవురూ పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లు కాదు. కళ్లం నూర్చినాక మేర కింద గింజలు కొలిచేవాళ్లు. ఊళ్లో ఎవురి పాదం ఎంత పొడుగో, ఎవురు ఎటు ఒత్తి నడుస్తారో మా నాయినకు నోటికొచ్చు. ఇందాక నీది చదివినానే, ఆ విద్య ఆయన దగ్గర వచ్చిందే.”

మా మేనల్లుడు నిలబడే ఉన్నాడు.

“ఊరందరికీ కుట్టినోడు ఊళ్లో వేసుకోకూడదు. అది కట్టుబాటు. కాపుల వీధిలో మా కాళ్లకు చెప్పులు ఉండకూడదు. ఉంటే ఇప్పి చేతిలో పట్టుకోవాల, లేదంటే చంకలో పెట్టుకోవాల. మా గుడిసె గడప దాటితే ఊరి బాటే. బాట వాళ్లది. బాట దాటితే చేను, చేనూ వాళ్లదే. బావిగట్టు వాళ్లదే. 1950లో రాజ్యాంగం వచ్చి అంటరానితనం రద్దన్నారు. 1955లో అది నేరమని చట్టం చేసినారు. మా ఊరి బాటమీదికి అవి రాలేదు. నేను రిటైరైనాక, 2015లో, అత్యాచారాల నిరోధక చట్టాన్ని సవరించినారు. ఏమేం చేస్తే నేరమో అందులో కొత్తగా వరస రాసినారు. ఎస్సీ, ఎస్టీలను నలుగురిలో చెప్పులు వేసుకోనీయకపోవడం, కొత్త గుడ్డలు కట్టుకోనీయకపోవడం, సైకిలు ఎక్కనీయకపోవడం, పెండ్లి ఊరేగింపు పోనీయకపోవడం. చెప్పులన్న మాట చట్టంలో స్పష్టంగా ఉంది. 2016 జనవరి 26 నుంచి అమలు. అంటే ఆ పొద్దుటికి కూడా ఈ దేశంలో ఆ మాట రాయాల్సిన అవసరం ఉండిందని పార్లమెంటే ఒప్పుకునింది. ఆ కాగితం చదివిన రోజు ఈ జత తీసి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నా.”

ఆయన గొంతు పెరగలేదు. జమాబందిలో అడంగల్ లెక్క చదివినట్టు చెప్పుకుపోయారు. నాకు మాత్రం జీపు దిగేముందు బూట్లు తుడుచుకున్న ఆ మనిషి, ఏ పల్లెలో, ఏ వీధి మొదట్లో దిగేవాడో మొట్టమొదటిసారి కళ్లకు కట్టింది. ఆ గుడ్డ, ఆ మెరుపు, ఆ నడక ఎవరికోసమో అర్థమైంది. ఇన్నేళ్లు ‘బూట్ల సారు’ అని పిలిచిన ఊళ్లో ఆయన కాళ్ల వైపు చూసినవాళ్లే గానీ ఆయన నడిచిన వీధుల వైపు చూసినవాళ్లు లేరు.

పిల్లవాడు చెప్పులను మళ్లీ తీసుకున్నాడు. ఈసారి పట్టుకున్న తీరు వేరు.

“సార్, వేసుకోకూడదని తెలుసు కదా. మరి రోజూ మోయడం ఎందుకు? ఇంట్లో పెట్టిపోవచ్చు కదా?”

“నేనూ అదే అడిగినా, చిన్నప్పుడు. మా నాయిన జీవితంలో తనకోసం కుట్టుకునింది ఈ ఒక్క జతే. మంచి దున్నపోతు తోలు దొరికితే అడుగులకు దాచిపెట్టుకుని, నేను పుంగనూరు హాస్టల్లో చేరిన ఏడు కుట్టుకున్నాడు. పొద్దున పనికి పోతా చంకలో పెట్టుకునేది, మాపటికి చంకలోనే తెచ్చేది. ‘ఎందుకు నాయినా ఊరికే మోస్తావు’ అంటే, ‘ఊరు దాటితే ఏసుకోవచ్చు గదరా’ అన్నాడు. ఎప్పుడు ఏ పని పడి ఊరు దాటాల్సి వస్తుందో, అప్పుడు చేతికి అందుబాటులో ఉండాలని. నేను తిరుపతిలో డిగ్రీ చదివే రోజుల్లో కూడా అదే మాట. నిన్ను చూసేదానికి వస్తా, ఊరు దాటినాక ఏసుకుంటా అని కార్డు రాయించినాడు.”

మా మేనల్లుడు ఆ అడుగులను మరోసారి వెలుతురులోకి తిప్పాడు. ఒక్క గీత కోసం, ఒక్క గులకరాయి గుర్తు కోసం వెతికాడు.

“మరి దాటాడా సార్, ఊరు?”

“దాటినాడబ్బయ్యా, ఒక్క తూరి. ఆ తూరి నలుగురు మోసుకొని పోయినారు.”